కిడ్నీ రోగి గుండె: రక్తంలోని ఎంజైములు చెప్పేదెంత?

కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాది ఆలోచనా డయాలసిస్ మీదికే పోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, వారానికి ఎన్నిసార్లు, ఆరోగ్యశ్రీలో వస్తుందా రాదా అన్నవే ప్రశ్నలు. గుండె సంగతి ఎవరూ అడగరు. ముందుగా అడగాల్సింది దాని గురించే. అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ పరిధిలోని సుమారు 28 వేలమంది కిడ్నీ రోగులను అయిదేళ్ళ వరకు గమనించి 2004లో ఒక లెక్క ప్రచురించారు. జబ్బు మూడో దశలో ఉన్నవారిలో డయాలసిస్‌కో కిడ్నీ మార్పిడికో చేరినవారు నూటికి 1.3 మంది. అదే కాలంలో చనిపోయినవారు నూటికి 24 మంది. నాలుగో దశకి వచ్చినా పరిస్థితి తిరగబడలేదు. డయాలసిస్ దాకా వెళ్ళినవారు నూటికి 20 అయితే, పోయినవారు నూటికి 46. అంటే కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసేదాకా వెళ్ళేవారికన్నా అంతకుముందే చనిపోయేవారే ఎక్కువ. ఆ మరణాలలో పెద్ద వాటా గుండెది, రక్తనాళాలది.

అదే ఏడాది ఉత్తర కాలిఫోర్నియాలో 11 లక్షల 20 వేలమంది పెద్దవాళ్ళ రికార్డులతో వచ్చిన మరో అధ్యయనం ఈ ముప్పు మెట్టుమెట్టుగా ఎలా పెరుగుతుందో చూపించింది. కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ 60 పైన ఉన్నవారితో పోలిస్తే, 45–59 మధ్య ఉన్నవారికి గుండె, రక్తనాళాల ప్రమాదం 1.4 రెట్లు, 30–44 మధ్య 2 రెట్లు, 15–29 మధ్య 2.8 రెట్లు, 15 కన్నా దిగితే 3.4 రెట్లు. వయసు, షుగరు, బీపీ వగైరా తేడాలను లెక్కలోంచి తీసేశాక మిగిలిన రెట్లు ఇవి. ఇక డయాలసిస్ మీద ఉన్న పడుచువాడికి గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 80 ఏళ్ళు దాటిన మామూలు మనిషికి ఉన్నంత ఉంటుందని రాబర్ట్ ఫోలీ బృందం 1998లోనే చెప్పింది.

ఇంత ముప్పు ఉన్నప్పుడు ఎవరికి ఎక్కువో, ఎవరికి తక్కువో ఒక రక్తపరీక్షతో ముందే పసిగట్టగలమా? గత ఇరవై ముప్ఫై ఏళ్ళలో ఈ ప్రశ్న మీద గుట్టలకొద్దీ పరిశోధన జరిగింది. అందులో ఎక్కువ భాగం ఎంజైముల చుట్టూ తిరిగింది. ఆ పరిశోధనంతా చదివాక నాకు స్పష్టంగా కనిపించింది ఒకటే. ముప్పుని చూపించే ఎంజైములు చాలా ఉన్నాయి. పట్టుకుని తగ్గిస్తే ముప్పు కూడా తగ్గేవి మాత్రం చాలా తక్కువ. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే రోగుల డబ్బు, డాక్టర్ల సమయం వృథా అవుతున్నాయి.

ముందుగా ఏ ముప్పు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. గుండె జబ్బు అనగానే మనకి తోచేది రక్తనాళంలో కొవ్వు పేరుకుని పూడిక రావడం. కిడ్నీ రోగికి అదీ ఉంటుంది. కాని జబ్బు ముదిరినకొద్దీ వేరే దారులు పెద్దవవుతాయి. రక్తనాళాల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడతాయి, ఆ ఒత్తిడికి గుండె కండరం మందమవుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం ఎక్కువతక్కువలవుతుంది, చివరికి గుండె లయ తప్పి ఉన్నపళంగా ఆగిపోతుంది. డయాలసిస్ రోగుల మరణాలలో సుమారు నాలుగో వంతు ఇలా హఠాత్తుగా జరిగేవే. ఎందుకో అర్థం కావాలంటే 2011లో వచ్చిన మరో లెక్క చూడాలి. అమెరికాలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్న 32 వేలమందిలో, రెండు రోజుల విరామం తర్వాతి రోజున మరణాలు మిగతా రోజులకన్నా ఎక్కువ. ఏడాదికి నూరుమందికి లెక్కగడితే మిగతా రోజుల్లో 18, ఆ రోజున 22. మన దగ్గర వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. వాళ్ళ విరామం ఇంకా పొడుగు. ఈ ప్రమాదాన్ని ఏ ఎంజైమూ చూపించదు. అది క్యాలెండరులోనే ఉంది.

గుండెకీ ఎంజైములకీ పరిచయం 1954 నాటిది. న్యూయార్క్‌లో ఆర్థర్ కార్మెన్, ఫెలిక్స్ రోబ్లెవ్‌స్కీ, జాన్ లాడ్యూ గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఒక ఎంజైము పెరుగుతుందని కనిపెట్టారు. అదే మన రిపోర్టుల్లో ఎస్‌జీఓటీ పేరుతో కనిపించేది. కండరం చచ్చిపోతే కణాల్లోని సరుకు రక్తంలోకి కారుతుంది, దాన్ని కొలిస్తే ఎంత దెబ్బ తగిలిందో తెలుస్తుంది అన్నది అప్పటి ఆలోచన. ఆ తర్వాత ఎల్‌డీహెచ్, సీకే, సీకే-ఎంబీ అనే ఎంజైముల పరీక్షలు వరసగా వచ్చాయి. ఇవాళ వాటి చోటులో ట్రోపోనిన్ కూర్చుంది. అది ఎంజైము కాదు, గుండె కండరాన్ని ముడుచుకునేలా చేసే ప్రోటీను. అయినా అందరూ వాడుకలో ఎంజైముల లెక్కలోనే వేస్తారు కాబట్టి ఇక్కడ దాన్ని వదలలేం.

కిడ్నీ రోగి దగ్గరికి వచ్చేసరికి ఈ అంకెలన్నిటికీ అర్థం మారిపోతుంది. డయాలసిస్ మీద ఉన్న ఒక మనిషి లివర్ ఫంక్షన్ టెస్టు కాగితం మన చేతిలో ఉందనుకుందాం. ఎస్‌జీపీటీ 9, ఎస్‌జీఓటీ 12, జీజీటీ 24, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 186. చూసినవాళ్ళు లివర్ బ్రహ్మాండంగా ఉందంటారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పక్కన బోల్డులో అచ్చయిన అంకెని, లివరు బాగుంది కదా అని వదిలేస్తారు. రెండూ తొందరపాటే. డయాలసిస్ రోగుల్లో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ సహజంగానే తక్కువగా ఉంటాయి. ఈ రెండు ఎంజైములూ పనిచేయడానికి విటమిన్ బీ6 కావాలి, అది ఈ రోగుల్లో తగ్గుతుంది. పైగా ఒంట్లో చేరిన నీరు రక్తాన్ని పలచన చేస్తుంది. అందుకే హెపటైటిస్ సీ ఉన్నా ఈ అంకెలు మామూలుగానే కనిపించవచ్చు. ఇక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్ నుంచీ వస్తుంది, ఎముక నుంచీ వస్తుంది. లివర్ వైపు నుంచి వచ్చి ఉంటే జీజీటీ కూడా దానితో పెరగాలి. ఇక్కడ పెరగలేదు. కాబట్టి ఆ 186 చాలావరకు ఎముకలోంచి వచ్చిందని అనుమానించాలి. దాని వెనక పారాథైరాయిడ్ హార్మోను, ఫాస్ఫేటు, విటమిన్ డి కథ ఉంటుంది. లివర్ కోసం చేయించిన పరీక్ష ఎముక గురించి, ఎముక గుండా గుండె గురించి చెబుతోందన్నమాట.

ఈ ఎంజైము దగ్గర కాస్త ఆగాలి. కిడ్నీ రోగి గుండె ముప్పు విషయంలో అన్నిటికన్నా బలమైన ఆధారాలున్న ఎంజైము ఇదే. అన్నిటికన్నా చవకైనదీ ఇదే. మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు రెండూ కలిసి గడ్డకట్టగలిగినంత మోతాదులోనే ఉంటాయి. అయినా రక్తనాళాలు రాయిగా మారకుండా కొన్ని పదార్థాలు కాపలా కాస్తాయి. వాటిలో పైరోఫాస్ఫేటు ఒకటి. స్విస్ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్లైష్ 1960లలో దీని సంగతి తేల్చాడు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసే పనుల్లో ఒకటి ఆ పైరోఫాస్ఫేటుని ముక్కలు చేయడం. ఎముకలో ఇది అవసరం, అప్పుడే ఎముక గట్టిపడుతుంది. అదే పని రక్తనాళం గోడలో జరిగితే కాపలా తొలగిపోయి, బోరు నీళ్ళు పోసిన గీజరు లోపల తెల్లటి పెచ్చు కట్టినట్టు గోడ పొడుగునా కాల్షియం కడుతుంది. కిడ్నీ జబ్బులో ఫాస్ఫేటు పెరగడం వల్ల రక్తనాళాల గోడల్లోని కండర కణాలు కొంతవరకు ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. అప్పుడు ఈ ఎంజైముని అవి కూడా తయారుచేస్తాయి.

మరి రోగుల్లో ఇది కనబడిందా? కనబడింది. అమెరికాలో 73,960 మంది హీమోడయాలసిస్ రోగులను పరిశీలించి కమ్యార్ కలాంతర్-జాదే బృందం 2008లో ప్రచురించిన వివరాల ప్రకారం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 120 యూనిట్లు, ఆపైన ఉన్నవారికి మరణ ప్రమాదం దాదాపు నాలుగో వంతు ఎక్కువ. కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను తేడాలను సర్దినా ఆ సంబంధం చెదరలేదు. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల్లోనూ, కిడ్నీలు బాగానే ఉన్న గుండె రోగుల్లోనూ కూడా ఇదే ధోరణి తర్వాతి పరిశోధనల్లో కనిపించింది.

అయితే దీన్ని తగ్గిస్తే గుండె బాగుపడుతుందా? ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. పారాథైరాయిడ్ హార్మోనుని తగ్గించే సినకాల్సెట్ మందు ఎముక నుంచి వచ్చే ఈ ఎంజైముని కూడా తగ్గిస్తుంది. 3,883 మంది డయాలసిస్ రోగులతో ఆ మందు మీద జరిగి 2012లో ముగిసిన ఎవాల్వ్ పరీక్షలో, మొదట అనుకున్న లక్ష్యం ప్రకారం మరణాలు, గుండె సంఘటనలు నమ్మదగినంతగా తగ్గలేదు. అపాబెటలోన్ అనే మరో మందు ఈ ఎంజైముని తగ్గిస్తుంది. షుగరు ఉండి, కొద్దికాలం కిందటే గుండెకి దెబ్బ తగిలిన 2,425 మందికి ఇచ్చి చూస్తే మొత్తం మీద ప్రయోజనం గణాంకాల గీటు దాటలేదు. వారిలో కిడ్నీ పనితీరు తగ్గినవారిని విడిగా చూస్తే మాత్రం ప్రమాదం సగానికి పడిపోయినట్టు కనిపించింది. ఆశ పుట్టించే సంగతే. కాని పెద్ద పరీక్షలోంచి ఒక చిన్న గుంపుని ఏరి తీసిన ఫలితాలు తర్వాత నిలబడకపోవడం వైద్యంలో ఎన్నోసార్లు జరిగింది. కిడ్నీ రోగుల కోసమే పెట్టిన పరీక్షలో తేలేదాకా దాన్ని చికిత్సగా చెప్పకూడదు. మందు సంగతి ఎలా ఉన్నా, జబ్బు నాలుగో దశ నుంచీ ఏడాదికోసారైనా ఈ ఎంజైముని చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవాళ్ళ ఫైళ్ళలో ఆ అంకె ఎప్పటినుంచో ఉంటోంది. పాత రిపోర్టులు వరసగా పెట్టి అది ఎక్కుతోందా, దిగుతోందా అని చూసే ఓపిక కావాలి, అంతే.

జీజీటీ గురించి చెప్పాల్సింది తక్కువ. ఆస్ట్రియాలో 1,63,944 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2005లో ప్రకటించిన ఫలితాల్లో జీజీటీ పెరిగినవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువగా తేలాయి. రక్తనాళాల పూడికల్లో కూడా ఈ ఎంజైము దొరికింది. కిడ్నీ రోగుల్లోనూ అలాంటి సంబంధమే కొన్ని చోట్ల కనిపించింది. కాని మద్యం తాగినా, లివర్‌లో కొవ్వు చేరినా, కొన్ని రకాల మాత్రలు వాడినా జీజీటీ పెరుగుతుంది. ఇంతమంది పిలిస్తే పలికే ఎంజైము గుండె గురించి ప్రత్యేకంగా చెప్పగలిగేది కొంచెమే.

మైలోపెరాక్సిడేజ్ కథ ఇంతకన్నా ఆసక్తికరం. తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి వాడే ఆయుధం ఇది. అదే రక్తనాళాల గోడలనీ, రక్తంలోని కొవ్వు రేణువులనీ పాడుచేస్తుంది. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో పేరుకునే యూరియా నుంచి సయనేటు పుట్టి ప్రోటీన్లకి అంటుకుంటుంది. పొగతాగేవారిలో మైలోపెరాక్సిడేజ్ వేరే దారిలో అదే నష్టం చేస్తుందని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి చెందిన స్టాన్లీ హేజెన్ బృందం 2007లో చూపించింది. కిడ్నీ రోగి సిగరెట్టు తాగితే రెండు దారులూ కలుస్తాయి. అయినా రక్తపరీక్షగా దీనికి పెద్ద చిక్కుంది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ రక్తనాళాల గోడకి అంటుకుని ఉన్న ఈ ఎంజైముని ఊడదీస్తుంది. సూది ఎప్పుడు గుచ్చారన్న దాన్నిబట్టే అంకె మారిపోతుంది. అలాంటి పరీక్షకి రోగి చేత డబ్బు కట్టించడం నాకు న్యాయంగా తోచదు.

మిగతావాటిని త్వరగా దాటవచ్చు. మంచి కొలెస్ట్రాల్‌ని (హెచ్‌డీఎల్) అంటిపెట్టుకుని ఉండే పారాక్సొనేజ్ కిడ్నీ జబ్బులో తగ్గుతుంది. హెచ్‌డీఎల్ అంకె బాగున్నంతమాత్రాన అది కాపాడుతోందని అనుకోరాదనడానికి ఇదొక కారణం. పూడికల్లో వాపుకి గుర్తుగా చెప్పే ఎల్‌పీ-పీఎల్‌ఏ2 ఎంజైముని అడ్డుకునే డారాప్లాడిబ్ మందు 2014లో 15,828 మంది మీద జరిగిన పరీక్షలో విఫలమైంది. యూరిక్ ఆసిడ్‌ని తయారుచేసే ఎంజైముని అడ్డుకునే అల్లోపురినాల్ 2020లో కిడ్నీ క్షీణతనీ ఆపలేదు, 2022లో గౌటు లేని గుండె రోగులకీ మేలు చేయలేదు. గౌటు ఉన్నవారికి ఆ మందు అవసరమే. కేవలం యూరిక్ ఆసిడ్ అంకె చూసి వాడటానికి మాత్రం ఆధారం లేదు.

ఇన్ని వైఫల్యాల మధ్య ఒక ఎంజైము దారి మాత్రం గెలిచింది. అది కిడ్నీలోనే పుట్టింది. 1898లో స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టిగర్‌స్టెట్, ఆయన శిష్యుడు పెర్ బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీ రసాన్ని మరో కుందేలుకి ఎక్కిస్తే బీపీ పెరిగింది. ఆ రసంలోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. కిడ్నీ జబ్బుకీ గుండె జబ్బుకీ మధ్య వారధి ఎక్కడుందో ఆ ప్రయోగం చూపించింది. రెనిన్‌తో మొదలయ్యే గొలుసులో ఏసీఈ అనే మరో ఎంజైము ఉంది. దాన్ని అడ్డుకునే క్యాప్టోప్రిల్ షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బుని నెమ్మదింపజేస్తుందని 1993లో రుజువైంది. రామిప్రిల్ గుండెనీ కాపాడుతుందని 2000లో తేలింది. ఇక్కడ ఎంజైము ముప్పుకి గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా. అందుకే అడ్డుకుంటే ఫలితం వచ్చింది. అలాగని ఎంత అడ్డుకుంటే అంత మేలనీ కాదు. ఏసీఈ తరహా మందు వాడుతున్నవారికి రెనిన్‌ని నేరుగా ఆపే అలిస్కిరెన్‌ని కూడా కలిపి 8,561 మందిలో చూస్తే మేలు లేకపోగా పొటాషియం పెరగడం, బీపీ పడిపోవడం ఎక్కువయ్యాయి. ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

ఇక ట్రోపోనిన్. కిడ్నీ రోగి ఛాతీ నొప్పితో క్యాజువాల్టీకి వస్తే ఎక్కువ గందరగోళం దీనితోనే. గుండెపోటు లేకపోయినా ఈ రోగుల్లో ట్రోపోనిన్ టీ ఎప్పుడూ కొంత పెరిగే ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపలేకపోవడం కొంత కారణం, మందమెక్కిన గుండె కండరం లోలోపల నిత్యం దెబ్బతినడం మరికొంత. 733 మంది డయాలసిస్ రోగులను చూసిన 2002 నాటి అధ్యయనంలో, అప్పటి పరీక్షల్లోని అతి చిన్న గీటు ప్రకారం 82 శాతం మందిలో ట్రోపోనిన్ టీ పెరిగి ఉంది. అలా పెరిగినవారు ఎక్కువగా చనిపోయారు కూడా. కాబట్టి కిడ్నీ జబ్బు వల్లే పెరిగిందిలే అని తోసిపుచ్చడం తప్పు. పెరిగింది కాబట్టి గుండెపోటే అని యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్ళడమూ తప్పే. రెండు గంటలకో మూడు గంటలకో రెండోసారి తీసి చూడాలి. మొదటిది 62, రెండోది 64 అయితే అది ఆ మనిషికి పాత సంగతి. 62 కాస్తా 140 అయితే ఇప్పుడే ఏదో జరుగుతోంది. మొదటే పెరిగి ఉన్నవారిలో 20 శాతానికి మించిన మార్పు ఉంటే కొత్త దెబ్బగా చూడాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలమానం. ఒంట్లో బాగున్నప్పటి ట్రోపోనిన్ అంకె ఫైల్లో రాసి ఉంటే ఆ రాత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరుకి సగం పని తప్పుతుంది. డయాలసిస్ సెంటర్లు ఏడాదికోసారి ఈ పని చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. సీకే-ఎంబీ మాత్రం ఈ రోగుల్లో గుండెతో సంబంధం లేకుండానే పెరగవచ్చు. దాన్ని నమ్ముకోనక్కర్లేదు.

కిడ్నీ రోగి ఇన్ని ఎంజైములు కొలిపించుకోవాలా అంటే, అక్కర్లేదంటాను. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ల్యాబులన్నీ గుండె ప్యాకేజీలు అమ్ముతున్నాయి. అవి చేయించుకున్న మనిషికి మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చూసే పరీక్ష ఒక్కసారి కూడా జరిగి ఉండదు. గుండె ముప్పు అంచనాలో ఈజీఎఫ్‌ఆర్ పక్కన నిలబడగలిగేది ఆ ఆల్బుమినే అని లక్షలమంది వివరాలు కలిపి 2010లోనే తేల్చారు. దాన్నిబట్టి మందులు కూడా మారతాయి. ఉదాహరణకి డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు 4,304 మంది కిడ్నీ రోగుల్లో మొత్తం మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది. పేటెంటు ముగిశాక మన దేశంలో ఆ మాత్ర చవకగా దొరుకుతోంది. దాన్ని రాయాల్సిన చీటీలో మరో ఎంజైము పరీక్ష రాసి పంపడం రోగికి అన్యాయం.

ఈ జ్ఞానం మొత్తంలో ఒక పెద్ద ఖాళీ మన ఇంటి ముందే ఉంది. పైన చెప్పిన కిడ్నీ రోగుల అధ్యయనాలు ప్రధానంగా షుగరు, బీపీల వల్ల కిడ్నీలు పోయిన, ఎక్కువగా పాశ్చాత్య దేశాల మనుషుల మీద జరిగినవి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడితోటల్లో పనిచేస్తూ కిడ్నీ జబ్బు బారిన పడ్డ చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా ముందు నుంచీ లేదు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా పెద్దగా పోదు. వడపోత గదులకన్నా గొట్టాలు ముందు దెబ్బతినే జబ్బు అది. ఆల్బుమిన్ మీద ఆధారపడ్డ గుండె ముప్పు లెక్క వీళ్ళని తక్కువ ప్రమాదం గడిలో పెట్టేస్తుంది. అది సరైన గడియేనా? వీళ్ళ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 120 దాటితే అమెరికా రోగికున్నంత ముప్పు ఉన్నట్టా? వీళ్ళకి ఒంట్లో బాగున్నప్పుడు ట్రోపోనిన్ ఏ అంకె దగ్గర ఉంటుంది? పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడికి వచ్చేవారి రక్తం, మూత్రం నమూనాలు మొదటి రోజు నుంచే భద్రపరచి, ఎవరికి గుండె ఆగింది, ఎవరికి కిడ్నీ ఆగింది అని పదేళ్ళు వెంటపడి రాసుకుంటే ఈ ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. చనిపోయినవారి విషయంలో రికార్డులో కిడ్నీ జబ్బు అని ఒక్క ముక్క రాసి మూసేయకుండా, ఎలా పోయారో ఇంటికి వెళ్ళి అడిగి రాసుకునే ఏర్పాటు కూడా అందులో ఉండాలి.